వాస్తుశిల్ప బహిరంగ ఉపన్యాసాలు (ఆన్‌లైన్)

భవనాల గురించి, నగరాల గురించి, వాటి రూపకల్పన గురించి విశ్వవిద్యాలయాలు, వాస్తుశిల్ప పాఠశాలలు, మ్యూజియాలు ఏర్పాటు చేసి, ఎవరైనా రుసుము లేకుండా చూసేలా అంతర్జాలంలో ఉంచిన ప్రసంగాలు. సెమిస్టరు పొడవునా సాగిన తరగతి పాఠాలు, ఒక సాయంత్రం అతిథిగా వచ్చిన వాస్తుశిల్పి ఇచ్చిన ప్రసంగాలు, టీవీ కోసం తీసి చాలా ఏళ్ల తరవాత నెట్‌లోకి ఎక్కించిన కార్యక్రమాలు, అన్నీ ఈ పేరు కిందికే వస్తాయి. తెలుగులో ‘వాస్తు’ అనగానే దిక్కుల లెక్క, గదుల స్థానాలు చెప్పే శాస్త్రం గుర్తుకొస్తుంది. ఈ వ్యాసంలో వాస్తుశిల్పం అంటే ఆర్కిటెక్చర్ అనే అర్థం మాత్రమే.

పూర్వరంగం

ఈ ఉపన్యాసాల చరిత్రను చాలామంది యూట్యూబ్ పుట్టిన 2005తో మొదలుపెడతారు. అది మరీ ఆలస్యం. వాస్తుశిల్పం గురించి మాట్లాడేవాడికి మొదటి నుంచీ ఒకటే చిక్కు: చెబుతున్న భవనం గదిలోకి రాదు. దాన్ని ఎలా చూపించాలన్న ప్రశ్న దగ్గర్నుంచి చూస్తే ఈ చరిత్ర కనీసం లండన్ రాయల్ అకాడమీ దాకా వెనక్కి పోతుంది. అక్కడ 1806లో వాస్తుశిల్ప ఆచార్యుడిగా ఎన్నికైన జాన్ సోన్ మొదటి ఉపన్యాసం ఇచ్చింది 1809లో. ఉపన్యాసాల్లో ఎత్తి చూపించడానికి తన శిష్యుల చేత ఆయన గీయించిన పెద్ద పటాలు వెయ్యికి పైమాటే. వాటిలో ఒకదాని గురించి తప్పక చెప్పాలి. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి నిలువుకోతలో పాంథియాన్‌ను, దానిలో ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ గ్రంథాలయాన్ని, దానిలో సోన్ స్వయంగా కట్టిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గుమ్మటపు గదిని, అన్నిటినీ ఒకే స్కేలులో, గిన్నెలో గిన్నె అమర్చినట్టు గీశారు. ఏ భవనం ఎంత పెద్దదో చెప్పడానికి అంకెలతో పని లేకుండా పోయింది.

ఉపన్యాసానికి ముందు రోజు, మరుసటి రోజు సోన్ తన ఇంటి తలుపులు తెరిచి, విద్యార్థులు ఆ పటాలను తీరిగ్గా చూసుకోవడానికి వీలు కల్పించేవారు. ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చూసే సౌకర్యానికి ఇంతకంటే పాత ఉదాహరణ ఈ రంగంలో మా దృష్టికి రాలేదు. 1810లో ఆయన కోవెంట్ గార్డెన్ నాటకశాలను, అంటే అప్పటికి బతికే ఉన్న రాబర్ట్ స్మర్క్ పనిని, వేదిక మీద నుంచే విమర్శించారు. జీవించి ఉన్న బ్రిటిష్ కళాకారుల మీద వ్యాఖ్యలు కూడదని అకాడమీ నియమం పెట్టడంతో ఉపన్యాసాలు ఆగిపోయి, 1813లో గానీ మళ్లీ మొదలుకాలేదు.

పటాల స్థానంలోకి పందొమ్మిదో శతాబ్దం చివర గాజు స్లైడ్లు వచ్చాయి. రెండు స్లైడ్లు పక్కపక్కన వేసి పోల్చే పద్ధతిని ఎక్కువమంది కళాచరిత్రకారుడు హైన్రిక్ వుల్‌ఫ్లిన్‌కు ఆపాదిస్తారు. ఆయన దాన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చారన్నంతవరకు నమ్మవచ్చు. ఆ పద్ధతి ఆయనతోనే పుట్టిందని మాత్రం గట్టిగా అనలేం.

ఎ305

బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ ప్రారంభ సంవత్సరం కొన్ని పుస్తకాల్లో 1969 అని, కొన్నిటిలో 1971 అని ఉంటుంది. మొదటిది రాజపత్రం వచ్చిన ఏడు, రెండోది ప్రసారాలు, చదువు మొదలైన ఏడు. ఉపన్యాసాల చరిత్రకు సంబంధించినంతవరకు రెండోదే పనికొచ్చే తేదీ. ఆ విశ్వవిద్యాలయం 1975 నుంచి 1982 దాకా నడిపిన కోర్సు సంకేతం ఎ305, పేరు ‘వాస్తుశిల్పం, డిజైన్‌ల చరిత్ర 1890–1939’. బృందానికి నాయకుడు టిమ్ బెంటన్. రేనర్ బానమ్, జెఫ్రీ బేకర్, సాండ్రా మిలికిన్, డెనిస్ షార్ప్, స్టీఫెన్ బేలీ తదితరులు పాఠాలు చెప్పారు. 24 టీవీ కార్యక్రమాలు బీబీసీలో వచ్చాయి. రేడియో ప్రసంగాలు వాటికి అదనం.

ఫీజు కట్టింది విద్యార్థులే అయినా ప్రసారం అందరిదీ. ఇంట్లో టీవీ ఉన్న ఎవరైనా ఆ వేళకు మేలుకొని ఉంటే లూ కార్బూజియే కట్టిన విల్లా సవోయ్‌ని, ఫ్రాంక్ లాయిడ్ రైట్ రోబీ హౌస్‌ని, స్టుట్‌గార్ట్‌లోని 1927 నాటి వైసెన్‌హోఫ్ ఇళ్లను చూడగలిగేవారు. మహామహుల పనులతోనే సరిపెట్టకుండా లండన్ భూగర్భ రైలు స్టేషన్లకు, మధ్యతరగతి వాళ్ల జంట ఇళ్లకు కూడా పాఠాలు కేటాయించడం ఈ కోర్సు గొప్ప. కెమెరా తరగతి గదిలో కూర్చోలేదు, భవనం దగ్గరికి వెళ్లింది. విల్లా సవోయ్‌లో నేల నుంచి మిద్దె దాకా ఎక్కే ర్యాంపు ఉంది. ఫొటోలో అది ఒక ఏటవాలు గీత మాత్రమే. దాని మీద నడుస్తూ పోతుంటే గోడ తప్పుకుని తోట, తోట తప్పుకుని ఆకాశం ఎలా ఎదురవుతాయో కదిలే కెమెరా మాత్రమే చూపగలదు. ఈ కారణం వల్లే, తరవాత వచ్చిన వేలాది వేదిక ప్రసంగాల కంటే ఎ305 పాఠాలే బోధనగా మెరుగైనవని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రేడియో భాగానికి వేరే ఉపాయం పన్నారు. విద్యార్థులకు ముందే ఒక బొమ్మల పుస్తకం పోస్టులో పంపేవారు. రేడియోలో గొంతు ఫలానా బొమ్మ చూడమంటే వినేవాళ్లు ఒళ్లో ఉన్న పుస్తకంలో ఆ పేజీ తిప్పేవారు. దీన్ని ‘రేడియోవిజన్’ అన్నారు.

మాంట్రియల్‌లోని కెనడియన్ సెంటర్ ఫర్ ఆర్కిటెక్చర్ 2017లో జోక్విమ్ మొరేనో క్యురేటర్‌గా ఈ కోర్సు మీద ప్రదర్శన పెట్టింది. పాత కార్యక్రమాలు నెట్‌లో విస్తృతంగా అందుబాటులోకి వచ్చింది ఆ సందర్భంలోనే.

క్యాసెట్లు, వీడియో టేపులు

మూడు దశాబ్దాల పాటు ‘ఆర్కిటెక్చరల్ డిజైన్’ పత్రిక సంపాదకత్వం చూసిన మోనికా పిడ్జన్ (1913–2009) ఆ తరవాత వాస్తుశిల్పుల చేత వాళ్ల పని గురించి మాట్లాడించి, క్యాసెట్‌కు స్లైడ్లు జతచేసి కళాశాలలకు అమ్మారు. అవి తరవాత డిజిటల్ రూపంలోకి మారినా చందాదారులకే పరిమితం కాబట్టి ఈ వ్యాసం పరిధికి అంచున ఉంటాయి. లండన్ ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ కూడా ఆల్విన్ బొయార్‌స్కీ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో (1971–90) ఉపన్యాసాలను వీడియోకెక్కించింది.

లాస్ ఏంజెలెస్‌లోని సై-ఆర్క్‌ది కొంత వేరే కథ. 1972లో రే కాపీ నాయకత్వంలో కొందరు అధ్యాపకులు, విద్యార్థులు ఒక కళాశాల నుంచి బయటికొచ్చి శాంటా మోనికాలో పెట్టుకున్న బడి ఇది. ఉపన్యాస పరంపరకు ఆద్యురాలు షెల్లీ కాపీ. రికార్డింగు 1970ల నడిమి నుంచి ఉంది. ఆ టేపులను డిజిటైజ్ చేసి 2012లో ఉచితంగా తెరిచారు. గెట్టీ ఫౌండేషన్ సాయం అందులో ఉంది. థామ్ మేన్ వంటి వాళ్లు పేరు రాకముందు, తడబడుతూ, తోటివాళ్ల ప్రశ్నలకు ఎదురు నిలిచి మాట్లాడిన తీరు ఇలాంటి చోటే దొరుకుతుంది. అచ్చు పుస్తకాల్లో ఆ తడబాటు ఉండదు.

తరగతి గది తెరుచుకోవడం

ఎంఐటీ ‘ఓపెన్‌కోర్స్‌వేర్’ను 2001 ఏప్రిల్‌లో ప్రకటించింది, పాఠాలు మొదట కనిపించింది 2002లో. రెండు తేదీలూ వాడుకలో ఉన్నాయి. వాస్తుశిల్ప విభాగం నుంచి మొదట్లో వచ్చినవి ఎక్కువగా నోట్సు, పాఠ్యప్రణాళికలే. తరగతిని తరగతిగా చూపించడంలో యేల్ విశ్వవిద్యాలయం ముందడుగు వేసింది. 2007 డిసెంబరులో మొదలైన ‘ఓపెన్ యేల్ కోర్సెస్’కు వ్యవస్థాపక సంచాలకురాలు డయానా క్లైనర్. 2009 వసంత సెమిస్టరులో ఆమె చెప్పిన ‘రోమన్ వాస్తుశిల్పం’ కోర్సు మొత్తాన్ని చిత్రీకరించి ఉచితంగా పెట్టారు. గంటకు పైగా సాగే ఈ పాఠాల్లో రోము, పాంపే, ఓస్టియా, లెప్టిస్ మాగ్నా వరసగా వస్తాయి. ప్లాను చూపించి, ఎక్కడ నిలబడ్డామో చెప్పి, ఆ తరవాతే ఫొటో చూపించడం ఆమె పద్ధతి. ఆ క్రమం పాటించని ఉపన్యాసకులను విన్న తరవాత గానీ దాని విలువ తెలియదు.

రికార్డు చేసిన పాఠానికి ఉన్న బలహీనత కూడా ఇదే కోర్సులో కనిపిస్తుంది. నాలుగో పాఠం శీర్షికలోనే క్రీ.శ. 79 ఆగస్టు 24 అన్న తేదీ ఉంది, వెసూవియస్ పేలి పాంపేను పూడ్చిన రోజుగా. రోమన్ రచయిత ప్లీనీ లేఖకు బాగా ప్రచారంలో ఉన్న ప్రతి ఇచ్చే తేదీ అది. శిథిలాల్లో దొరికిన శరత్కాలపు పండ్లను, చలి కాచుకునే కుంపట్లను చూసి దాన్ని అనుమానించినవాళ్లు పూర్వం నుంచీ ఉన్నారు. 2018లో పాంపే తవ్వకాల్లో, మరమ్మతు జరుగుతున్న ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన పంక్తి బయటపడింది. అందులోని తేదీ మన లెక్కలో అక్టోబరు 17. బొగ్గు రాత ఎక్కువ కాలం నిలవదు కాబట్టి పేలుడు ఆ తరవాత కొద్ది రోజులకే, అంటే అక్టోబరు చివర్లో, జరిగి ఉండాలన్నది వాదన. అయితే ఆ పంక్తిలో సంవత్సరం లేదు, అది అంతకు ముందటి ఏడాదిది కావచ్చుననేవాళ్లూ ఉన్నారు. అక్టోబరు వైపే మొగ్గు ఎక్కువగా కనిపిస్తోంది. పుస్తకమైతే మలిముద్రణలో ఒక అధోజ్ఞాపిక చేర్చవచ్చు. వీడియోలో ఆ వీలు లేదు. 2009 నాటి గొంతు ఆగస్టు అనే చెబుతూ ఉంటుంది, ఈ పాఠాలు చూసేవాళ్లు పక్కన ఒక కాగితం పెట్టుకోవడం మంచిది.

యేల్ ఈ పాఠాలను వ్యాపారేతర వాడకానికి క్రియేటివ్ కామన్స్ అనుమతితో ఇచ్చింది, ఇతరుల హక్కుల్లో ఉన్న బొమ్మలు దాని కిందికి రావు. వాస్తుశిల్పంలో బొమ్మే పాఠం కాబట్టి ఈ మినహాయింపు చిన్నదేమీ కాదు.

హార్వర్డ్ 2017లో ఎడెక్స్ వేదిక మీద కె. మైకేల్ హేస్ ప్రధాన బోధకుడిగా ‘ద ఆర్కిటెక్చరల్ ఇమాజినేషన్’ తెచ్చింది. 2020 కోవిడ్ తరవాత దాదాపు అన్ని పాఠశాలల సాయంత్రం ఉపన్యాసాలూ తెర మీదికి మారాయి. సంఖ్య పెరిగినా పద్ధతిలో కొత్తదనం తక్కువ.

ఉన్నవి పోవడం

నెట్‌లో పెట్టినది శాశ్వతం అనుకోవడం పొరపాటు. క్యాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖ తన ఉచిత ఉపన్యాసాల్లో వినికిడి లోపం ఉన్నవారికి సబ్‌టైటిళ్లు లేవన్న ఫిర్యాదు మీద 2016లో అమెరికా న్యాయశాఖ నుంచి లేఖ అందుకుంది. 2017లో అన్ని విషయాలవీ కలిపి 20,000కు పైగా వీడియో, ఆడియో పాఠాలను ప్రజలకు అందకుండా వెనక్కి తీసుకుంది. ఫిర్యాదు న్యాయమైనది. దానికి పరిష్కారంగా అందరికీ తలుపు మూయడం మాత్రం విచారకరం.

భారతదేశం, తెలుగు

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్‌లో వాస్తుశిల్ప, నగర ప్రణాళిక పాఠాలు ఉన్నాయి. రూర్కీ, ఖరగ్‌పూర్ ఐఐటీలవి వీటిలో చెప్పుకోదగ్గవి. ఏకోపన్యాసాల్లో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది బాలకృష్ణ దోషి (1927–2023) ప్రసంగం. ప్రిట్జ్‌కర్ పురస్కారం పొందిన మొదటి భారతీయుడిగా 2018 మేలో టొరంటోలో ఆయన మాట్లాడారు. హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగుల కాలనీ రూపకర్తగా దోషి పేరు తెలుగు పాఠకులకు కొత్తది కాదు.

హైదరాబాద్ జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయం, విజయవాడ ప్రణాళిక, వాస్తుశిల్ప పాఠశాల రెండూ 2008లో ఏర్పడినవే. అయినా తెలుగులో మొదటి నుంచి చివరిదాకా సాగే వాస్తుశిల్ప ఉపన్యాసాలు నెట్‌లో బహు తక్కువ. వెతికితే ఈశాన్యంలో బోరు, ఆగ్నేయంలో వంటిల్లు గురించిన వీడియోలే ముందు వస్తాయి. ఎన్‌పీటెల్ తన పాఠాలను తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లోకి తెస్తోంది. ఈ అనువాదాల్లో పరిభాష ఇంకా కుదుటపడలేదు. ‘సెక్షన్’కు అడ్డుకోత, నిలువుకోత, ఛేద చిత్రం అనే మాటలు పోటీపడుతున్నాయి. పైన సోన్ పటం గురించి చెప్పినప్పుడు ‘నిలువుకోత’ వాడాం, వినగానే బొమ్మ కట్టేది అదే కనుక. స్లాబు, బీము, పిల్లరు, సన్‌షేడు, పిట్టగోడ వంటి మాటలకు మాత్రం అనువాదంతో పని లేదు. మేస్త్రీ, ఇల్లు కట్టించుకునేవాళ్లు రోజూ వాడేవే అవి.