మల్లవిద్యాచార్యుడు కోడి రామమూర్తి

విరాటుని కొలువున వంటవాడై యున్న భీముడు జీమూతమల్లుని నేలగూల్చిన కథ, పురాణకాలక్షేపమునకు కూర్చున్న ప్రతివాడును ఎరిగినదే. ఆ భీముని పేరును ‘కలియుగ’ పదముతో జోడించి తెలుగువారు ఒక మల్లునికి ఇచ్చిరి. అతడే కోడి రామమూర్తి నాయుడు. అతని బలమును గూర్చిన కథలు పెక్కులు వినవచ్చును. ఆ బలము బడిని ఆశ్రయించి పెరిగినదను సంగతి మాత్రము అంతగా ఎవ్వరును తలపరు.

రామమూర్తి 1882 ప్రాంతమున వీరఘట్టములో జన్మించెను. చిన్ననాడే తల్లిని కోల్పోయి విజయనగరమున పినతండ్రి యింట పెరిగెను. పుస్తకముకంటె సాముపై మక్కువ మెండు. హైదరాబాదు ప్రాంతమున తాలీమనుదానిని అచ్చట గరిడీ యందురు. పేరేదైనను దండీలు, బస్కీలు, పట్లు రెంటను ఒక్కటే. ఇంటివారు ఆ పిచ్చిని అణచక దారిలో పెట్టిరి. అతడు మద్రాసు చేరువనున్న సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమునకు మరలివచ్చి, తాను చదివిన ఊరిబడిలోనే వ్యాయామోపాధ్యాయుడయ్యెను. మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల 1920లోగాని వెలయలేదు. అంతకు ఎన్నో ఏండ్లముందే ఒక గరిడీవాడు పంతులై బాలురయెదుట నిలుచుట సామాన్యమా!

జీతపుబడిని విడిచి సర్కసు పెట్టుట దిగజారుట యని తలచువారుందురు. అది సరికాదు. 1904–05లో యూజెన్ శాండో హిందూదేశమునకు వచ్చి కండబల ప్రదర్శనములు చేసి జనమును ముగ్ధులను గావించిన కాలమది. దొరలకే బలము గలదను భ్రమ వ్యాపించియుండెను. రామమూర్తి ప్రదర్శనము ఆ భ్రమకు ఉత్తరువు. రొమ్మునకు ఇనుపగొలుసు చుట్టించుకొని, ఊపిరి నిండ బీల్చి త్రెంచుట. రెండు మోటారుకార్లను త్రాళ్లతో కట్టి కదలనీయక నిలుపుట. వెల్లకిల పరుండి, పలకమీదుగా ఏనుగును నడిపించుట అతని విద్యలు. పలక బరువును శరీరమంతటికిని పంచును, నిజమే. కాని బిగబట్టిన శ్వాస ఒక్క క్షణము సడలినచో పలక రక్షింపదు. అందుచేతనే అతడు ప్రాణాయామమును కండకంటె ముందుంచెను. మాంసము ముట్టకయే ఇంత బలము గడించెనని విని ముక్కుపై వ్రేలు వేసికొన్నవారు కొల్లలు.

లండనులో అయిదవ జార్జి చక్రవర్తి మెప్పు పొంది ‘ఇండియన్ హెర్క్యులస్’ అనిపించుకొనెనని ప్రసిద్ధి. ధనమును విశేషముగా గడించెను; దానము చేయుటయందును అంతే.

ఏనుగును మోసిన దేహమును కాలిపుండు ఓడించెను. కడకు కాలు తీసివేయవలసి వచ్చినది. మత్తుమందు లేకయే శస్త్రచికిత్స చేయించుకొనెనని చెప్పుదురు. 1942లో ఒరిస్సాలోని బలాంగీరున, పుట్టినయూరికి దూరముగ, కన్నుమూసెను. విశాఖపట్టణపు సముద్రతీరమున అతని విగ్రహము నిలిచియున్నది. శ్రీకాకుళములోని క్రీడాప్రాంగణమునకు అతని పేరే పెట్టిరి.