పంట కాపలా తుపాకి

ఉప్పాడలో తుపాకితో పని లేదు. అక్కడ బతుకు వల మీదా మగ్గం మీదా నడుస్తుంది. ఊరి నేలను తినేది అడవిపంది కాదు, సముద్రం. కాని అదే ఉప్పాడ నుంచి పిఠాపురం మీదుగా పోయి, ఏలేశ్వరం దాటి అడ్డతీగల దారి పట్టామంటే కొండలు మొదలవుతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసేదాకా ఆ తీరమూ ఈ కొండలూ ఒకే తూర్పు గోదావరి జిల్లా. కలెక్టరు ఉండేది కాకినాడలో. కొండ మీద చోళ్ళకూ సామలకూ కాపలాగా తుపాకి కావాలంటే అర్జీ సముద్రం ఒడ్డుకు రావాలి. మన తుపాకి చరిత్రలో సగం ఈ దూరంలోనే ఉంది.

పోడు చేసేవాడికి విత్తు చల్లడం ఒక ఎత్తు, గింజ ఇంటికి చేర్చడం ఒక ఎత్తు. కంకి పాలు పట్టినప్పటి నుంచి కోత దాకా మంచె మీద రాత్రుళ్ళు గడపాలి. పగలు చిలకలు, కోతులు. రాత్రి పందులు. ఒక మంద ఒక్కసారి దిగిందంటే తినేదానికన్నా తొక్కి పాడుచేసేది ఎక్కువ. దీనికి మన తాతలు వాడినవి డప్పు, నిప్పు, వడిసెల, విల్లంబులు, కొందరి దగ్గర మందు కూరే నాటు తుపాకి. తుపాకి అంటే పోరాటం గుర్తొస్తుంది గాని, కొండ ఇంట్లో అది ముందు పొలం పనిముట్టే.

ఆ పనిముట్టును కాగితానికి కట్టేసింది 1878 ఆయుధాల చట్టం. లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు వచ్చింది. భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి, తెల్లవాడికి మినహాయింపు. మరుసటి ఏడు మార్చిలోనే రంప తిరగబడింది. కారణం తుపాకులు కావు, కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం. అయినా ఆ తిరుగుబాటు తర్వాత కొండవాడి చేతిలో గొట్టం కనిపిస్తే అధికారి చూసే చూపు మారిపోయింది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు దళం మూడు రోజుల్లో మూడు స్టేషన్ల నుంచి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు తీసుకుంది. తీసుకున్నవాటి లెక్క స్టేషను రిజిస్టరులో రాసి సంతకం పెట్టాడని ప్రసిద్ధి. పితూరీ కథల్లో దీన్ని సాహసంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం మరో సంగతి తడుతుంది. మంచి తుపాకి కావాలంటే స్టేషనులోనే దొరకాలి, ఇళ్ళలో లేదు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయాక, సర్కారు కన్ను కొండల మీద నుంచి తొలగలేదు.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు, 1962 అక్టోబరు 1 నుంచి అమలు. దాని 13వ సెక్షన్ చదివితే ఎవరికి ఏ తుపాకి అన్నది తేటగా ఉంటుంది. పంట కాపలాకు ముందు నుంచి మందు కూరే తుపాకి. అది చాలదని అధికారికి తోస్తే గొట్టం లోపల నునుపుగా ఉండే మరో రకం. పాయింట్ టూటూ రైఫిలు మాత్రం రైఫిల్ క్లబ్బు సభ్యుడికి, గురి చూసుకోవడానికి. మందు కూరే తుపాకి వానాకాలంలో ఎలా ఉంటుందో వాడినవాళ్ళకు తెలుసు. మందు చెమ్మగిల్లుతుంది. ఒక్క దెబ్బ వేశాక మళ్ళీ మందు పోసి, కూరి, రవ్వలు వేసేసరికి పందులు గట్టు దాటి ఉంటాయి.

అందుకే ఎవరి దగ్గరో పాత పాయింట్ టూటూ ఉంది, కొనుక్కుంటే పోలేదా అని కుర్రాళ్ళు అడుగుతుంటారు. కొనడం అంత తేలిక కాదు. అమ్మేవాడు కొనేవాడి పేరు, ఊరు రాసి కలెక్టరుకో దగ్గరి స్టేషనుకో ముందుగా తెలపాలి, ఆ తర్వాత 45 రోజులు ఆగాలి. కొనేవాడికి ఆ రకానికే లైసెన్సు ఉండాలి. పైగా దాని తూటా చిన్నది. కుందేలుకు సరిపోతుందేమో గాని పెద్ద పందికి తగిలితే గాయపడి మనిషి మీదికి వస్తుంది. ఆ ఆశ వదులుకోవడమే మంచిది.

లైసెన్సు వచ్చినా కథ అయిపోలేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పంటను నాశనం చేసే పందిని కొట్టడానికి కూడా అటవీ అధికారి రాతపూర్వక ఉత్తర్వు కావాలి. ఎన్నికలొస్తే తుపాకి స్టేషనులో అప్పగించాలి. పందులకు ఎన్నికల తేదీలతో పని లేదు. ఈ చిక్కులన్నీ పడలేక కొందరు పొలం చుట్టూ కరెంటు తీగ లాగుతారు. దానికి పందుల కన్నా ముందు మనుషులు, పశువులు బలైన ఊళ్ళున్నాయి.

మినహాయింపు ఇవ్వడం సర్కారుకు చేతకాక కాదు. కొడగు వాళ్ళకు బ్రిటిషు కాలం నుంచీ లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకునే హక్కుంది, 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. 2016లో బీహారులో పంట తినే నీల్‌గాయిలను కాల్చడానికి హైదరాబాదు నుంచి నవాబ్ షఫాత్ అలీఖాన్‌ను పిలిపించారు. ఆయన బృందం మొకామా ప్రాంతంలో 200కు పైగా కొట్టింది. నగరపు రైఫిలుకు ఆహ్వానం, కొండరెడ్డి మంచెకు అనుమానం.

చట్టంలో మనకు పనికొచ్చే మాట కూడా ఒకటుంది, దాన్ని ఎవరూ చెప్పరు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్ అంటుంది. అర్జీలో సాగు చేసే భూమి వివరం అడుగుతారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చినవాళ్ళు దాని నకలు జతచేయాలి. కాదంటే కారణం రాతలో అడగాలి. ఆ కాగితం చేతికొస్తే 18వ సెక్షన్ కింద అప్పీలు వేసుకోవచ్చు.