మంట రాని పొటాషియం: టెల్లూరియం పెట్టిన తగాదా

స్కూల్లో కెమిస్ట్రీ సార్ పొటాషియం ముక్క నీళ్లలో వేసి చూపించారా మీకు? మాకు చూపించలేదు, యూట్యూబ్‌లోనే చూశాను. నీళ్ల మీద తేలుతూ, బుసలు కొడుతూ, ఊదా మంటతో అటూ ఇటూ పరిగెడుతుంది. ఇప్పుడు 1809లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కి రండి. హంఫ్రీ డేవీ చేతిలో నికెల్ రంగులో మెరిసే లోహపు ముద్ద ఉంది. అందులో పొటాషియం ఉంది. నీళ్లలో వేశాడు. మంట లేదు, బుడగ కూడా లేదు. ముద్ద మొత్తం నిశ్శబ్దంగా కరిగిపోయి, నీళ్లు నేరేడు పండు రసంలా అయ్యాయి.

ఈ రంగు వెనకాల పెద్ద తగాదా ఉంది. పొటాషియం అసలు మూలకమేనా, కాదా అని.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1807 అక్టోబర్‌లో డేవీ మొదటిసారి పొటాషియం తీశాడు. ముందు పొటాష్‌ని నీళ్లలో కలిపి కరెంట్ పంపాడు. నీళ్లే విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వచ్చాయి తప్ప ఇంకేం రాలేదు. తర్వాత గట్టి పొటాష్ ముక్కకి గాలిలోని తేమ కాస్త తగలనిచ్చి కరెంట్ పంపితే, నెగటివ్ వైపు పాదరసం బిందువుల్లాంటివి మెరిశాయి. అదే పొటాషియం. కానీ జనం వెంటనే ఒప్పుకోలేదు. నీళ్ల మీద తేలే లోహం ఏమిటి, లోహం అంటే బరువుండాలి కదా! పారిస్‌లో గే-లుసాక్, థెనార్డ్ ఇంకో మాట అన్నారు: ఇది కొత్త మూలకం కాదు, పొటాష్‌కి హైడ్రోజన్ అంటుకుంటే వచ్చిన పదార్థం అని. వినడానికి పిచ్చి వాదనలా ఉంది కానీ, అప్పటి లెక్కల్లో దాన్ని కొట్టిపారేయడం అంత ఈజీ కాదు.

ఈ వాదానికి జర్మనీ నుంచి ఇంకొక మనిషి బలం ఇచ్చాడు. యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్. 1801లో అతినీలలోహిత కిరణాల్ని కనిపెట్టింది ఈయనే. బ్యాటరీ తీగల్ని తన కళ్లకీ నాలుకకీ పెట్టుకుని పరీక్షలు చేసిన రకం. అప్పటికి మ్యూనిక్‌లో ఉన్నాడు. డేవీ ప్రయోగాన్ని రకరకాల లోహాల్ని నెగటివ్ తీగగా పెట్టి మళ్లీ చేశాడు. దేనితో చేసినా పొటాషియం వచ్చింది. ఒక్క టెల్లూరియంతో మాత్రం రాలేదు.

టెల్లూరియం అంటే ఎవరో ఒక మాట. పేరు వినగానే తెలుగుకి చుట్టం అనుకోకండి, లాటిన్‌లో భూమికి ‘టెల్లస్’ అంటారు, అందులోంచి వచ్చింది. 1782లో ట్రాన్సిల్వేనియా బంగారు గనుల అధికారి ఫ్రాంజ్ జోసెఫ్ ముల్లర్‌కి ఒక ఖనిజం దొరికింది. ఆంటిమొనీ అన్నారు కొందరు, కాదు బిస్మత్ అనుకున్నాడు ఆయన. మూడేళ్లు పరీక్షలు చేసి, ఇది ఏదీ కాదు అని తేల్చి ‘సమస్య లోహం’ అని పేరు పెట్టేశాడు. 1798లో బెర్లిన్‌లో క్లాప్రోట్ దాన్ని నిర్ధారించి టెల్లూరియం అన్నాడు. వెండిలా మెరుస్తుంది, సుత్తితో కొడితే పొడి అయిపోతుంది. లోహంలా కనిపిస్తుంది, గంధకంలా ప్రవర్తిస్తుంది. మన పుస్తకాల్లో అర్ధలోహం అంటాం.

రిట్టర్ ఇంకో వింత చూశాడు. టెల్లూరియం ముక్కల్నే రెండు వైపులా పెట్టి నీళ్లలో కరెంట్ పంపితే, పాజిటివ్ వైపు ఆక్సిజన్ వస్తోంది. నెగటివ్ వైపు రావాల్సిన హైడ్రోజన్ రావట్లేదు. దాని బదులు గోధుమరంగు పొడి రాలుతోంది. రిట్టర్ లాజిక్ ఇది: టెల్లూరియం హైడ్రోజన్‌ని తానే పట్టేసుకుంటోంది. పొటాష్‌కి హైడ్రోజన్ దక్కలేదు. అందుకే పొటాషియం తయారవ్వలేదు. అంటే పొటాషియంలో హైడ్రోజన్ ఉన్నట్టే కదా!

చూడండి, వాదన ఎంత నీట్‌గా ఉందో. నేను ఆ రోజుల్లో ఉంటే పడిపోయేవాణ్ణే.

డేవీ ఈ సవాలుని తప్పించుకోలేదు. రిట్టర్ చేసినట్టే నీళ్లలో టెల్లూరియాన్ని నెగటివ్ వైపు పెట్టి, పొడి మీద కాకుండా దానికి ముందు ఏం జరుగుతోందన్న దాని మీద కన్నేశాడు. ముందు ముక్కలోంచి ఊదా రంగు ద్రవం తీగలు తీగలుగా దిగుతోంది. అది నీళ్లలో పాకుతున్నకొద్దీ, కరిగి ఉన్న గాలి తగిలి, మసకబారి, గోధుమరంగు పొడిగా మారుతోంది. నీళ్లలో ఆమ్లం ఉంటే కథ వేరు, అక్కడ గ్యాస్ బయటికి వస్తోంది. దాన్ని పట్టి చూశాడు. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌కి అన్నదమ్ముడి లాంటి గ్యాస్, మనం ఇప్పుడు హైడ్రోజన్ టెల్యూరైడ్ అంటాం.

తర్వాత అసలు పరీక్ష. కొత్తగా కట్టిన పెద్ద బ్యాటరీతో, పొటాష్ మీద టెల్లూరియాన్నే నెగటివ్‌గా పెట్టాడు. విపరీతమైన వేడి పుట్టి, మొదట్లో చెప్పిన నికెల్ రంగు ముద్ద వచ్చింది. అంటే పొటాషియం తయారవుతోంది! తయారైన మరుక్షణం టెల్లూరియంతో కలిసిపోతోంది, అందుకే విడిగా కనపడలేదు. నీళ్లలో వేసినప్పుడు మంట ఎందుకు రాలేదో కూడా అక్కడే తెలిసింది. ఊదా నీళ్లలో కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బుడగలతో అదే కంపు గ్యాస్ వచ్చింది. రిట్టర్ సాక్ష్యాన్ని డేవీ కాదనలేదు, అదే సాక్ష్యాన్ని తన వైపు నిలబెట్టాడు. 1809 నవంబర్‌లో రాయల్ సొసైటీ ముందు ఇదంతా చదివాడు.

మా ఫీల్డ్‌లో ఇలాంటిది తరచూ జరుగుతుంది. ప్రోగ్రామ్‌లో బగ్ ఉందనుకుని వారం వెతుకుతాం, చివరికి బగ్ టెస్టింగ్ టూల్‌లో ఉంటుంది. ప్లాటినం తీగ అయితే ఎలక్ట్రాన్లకి దారి ఇచ్చి ఊరుకుంటుంది. టెల్లూరియం అలా కాదు, ఆ ఎలక్ట్రాన్లని తానే మింగేస్తుంది. క్షయకరణం అనగానే మనకి ద్రావణంలోంచి లోహం వచ్చి తీగ మీద పేరుకోవడం గుర్తొస్తుంది. ఇక్కడ రివర్స్, క్షయకరణం వల్లే గట్టి ముక్క కరిగిపోతోంది. రెండు పరమాణువులు జత కట్టి రెండు ఎలక్ట్రాన్లు తీసుకుంటే వచ్చే అయాన్‌దే ఆ నేరేడు రంగు. క్షారంలో అది అయాన్‌గానే నిలుస్తుంది. ఆమ్లంలో అయితే గ్యాస్ అయి లేచిపోతుంది.

డేవీ అన్నీ కరెక్ట్‌గా చెప్పాడని కాదు. ఆ గోధుమరంగు పొడిని రిట్టర్‌లాగే ఆయన కూడా హైడ్రోజన్ కలిసిన పదార్థం అనుకున్నాడు. తర్వాత తేలింది, అది ఉత్త టెల్లూరియమే, గాలి తగిలి మళ్లీ మొదటికొచ్చిన టెల్లూరియం. ఎలక్ట్రాన్ అనే మాటే అప్పటికి లేదు, వాళ్లని ఏమనగలం!

రిట్టర్ 1810 జనవరిలో పోయాడు. 33 ఏళ్లు. చివర్లో పేదరికం, జబ్బు. టెల్లూరియం వింతని ముందు చూసింది ఆయనే, ఇంగ్లిష్ పుస్తకాల్లో మాత్రం డేవీ పేరే ఎక్కువ కనిపిస్తుంది. పారిస్ వాళ్లు 1811కల్లా పొటాషియం మూలకమే అని ఒప్పుకున్నారు.

ఆ రంగు మాత్రం ఇంకా పని చేస్తూనే ఉంది. ఇవాళ టెల్లూరియం ఎక్కువగా రాగి శుద్ధిలో అడుగున మిగిలే బురద నుంచి వస్తుంది. క్యాడ్మియం టెల్యూరైడ్ సోలార్ ప్యానెళ్లకి కావాల్సింది ఇదే. హైదరాబాద్‌లోని సీ-మెట్ లాంటి చోట్ల దాన్ని అతి శుద్ధంగా చేసే పని కూడా జరుగుతోంది. బురద నుంచి తీసిన ఆక్సైడ్‌ని కాస్టిక్ సోడాలో కరిగించి, కరెంట్ పంపితే కేథోడ్ మీద టెల్లూరియం పేరుకుంటుంది. వోల్టేజ్ సంగతి చూసుకోకుండా ఎక్కువ పెట్టారనుకోండి, పేరుకున్నది ఇంకో మెట్టు కిందికి దిగి మళ్లీ ద్రావణంలోకి జారుకుంటుంది, నేరేడు రంగులో. అది ద్రావణంలో మిగిలిన టెల్యూరైట్‌తో కలిసి నల్ల పొడిగా తొట్టి అడుక్కి చేరుతుంది. ప్లేట్ మీద ఉండాల్సిన సరుకుని అడుగు నుంచి ఎత్తుకోవాల్సి వస్తుంది.