సొంత మైదానం లేని వైరం: హైదరాబాదు పోలీసులు, కలకత్తా క్లబ్బులు

విశాఖపట్నం హౌరా–మద్రాసు రైలుమార్గం మీద ఉన్న ఊరు. రేవు, నౌకాదళం, ఉక్కు కర్మాగారం మూలంగా ఇక్కడ వంగదేశీయులకు కొదవ లేదు. వారిలో నడివయసు దాటినవారిని ఎవరిని కదిపినా, మాట కాసేపటికి ఫుట్‌బాల్ మీదికి మళ్ళుతుంది. మోహన్ బగాన్ 1889లో పుట్టింది, ఈస్ట్ బెంగాల్ 1920లో. ఈ రెండు జట్లూ 1925 మే 28న కలకత్తా లీగులో మొదటిసారి తలపడ్డాయి. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ ఇళ్ళలో ఇలిశ చేప (మన గోదావరివారు పులస అని నెత్తిన పెట్టుకునేది ఈ జాతినే), మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకోవడం ఆనవాయితీ. ఆ వైరానికి చీకటి ముఖమూ ఉంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల ఆట జరుగుతుండగా చెలరేగిన గొడవలో పదహారుమంది ప్రేక్షకులు ప్రాణాలు కోల్పోయారు.

ఇదంతా వినే తెలుగువారు "మనకు అలాంటిదేమీ లేదు కదా" అని ఊరుకుంటారు. అది నిజం కాదు. ఒకప్పుడు ఆ రెండు కలకత్తా క్లబ్బులనూ సరిసమానంగా ఎదిరించిన జట్టు మన నేల మీదే ఉండేది. దాని పేరు హైదరాబాదు సిటీ పోలీసు.

ఆ కథకు మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు, వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. 1950లో పోలీసు జట్టు శిక్షకులై, 1963లో కన్నుమూసేదాకా ఆ బాధ్యతను వదలలేదు. ఆ కాలంలో భారత జట్టుకూ ఆయన శిక్షకులుగా పనిచేశారు. బడిపంతులు కావడం వల్లనేమో, ఆయన ఆటను పాఠంలా చెప్పారు. బంతిని కాలికి అతికించుకుని పరుగెత్తకూడదన్న నియమంతో ఒక పోటీ పెట్టేవారు. బలహీనమైన కాలితోనే తన్నాలన్న నియమంతో మరొకటి నడిపేవారు. ఒక్క తాపుతో బంతిని తోటివాడికి అందించి ఖాళీ జాగాలోకి కదలడం, రెండు కాళ్ళూ సమానంగా పనిచేయడం ఆ పోటీల ద్వారా పిల్లవాడికి తెలియకుండానే అలవడేవి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో బూట్లు లేకుండానే బరిలోకి దిగిన పలువురితో కూడిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిందన్న సంగతి గుర్తు చేసుకుంటే, ఈ పాఠాల విలువ తెలుస్తుంది.

ఫలితం వెంటనే కనిపించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు గెలుచుకుంది. మోహన్ బగాన్ అంతటి క్లబ్బు రోవర్స్ కప్పును మొట్టమొదటిసారి ముద్దాడింది 1955లో, అంటే ఈ ఐదేళ్ళ పరంపర తెగిన మరుసటి ఏడు.

అసలు పోరు ఢిల్లీలోని డ్యూరాండ్ కప్పులో సాగింది. ఆ పోటీ ఆఖరి ఆటల జాబితా చూస్తే ఆ వైరం లెక్క తేలుతుంది. 1950లో పోలీసులు మోహన్ బగాన్‌ను ఓడించారు. 1952లోనూ 1956లోనూ ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడారు. 1957లో అదే ఈస్ట్ బెంగాల్ మీద పగ తీర్చుకున్నారు. తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీసు అన్న కొత్త పేరుతో 1961లో మోహన్ బగాన్‌ను గెలిచారు, 1963లో దాని చేతిలోనే ఓడారు. పద్నాలుగేళ్ళలో ఆరు ఆఖరి ఆటలు, చెరి మూడు గెలుపులు. 1962 రోవర్స్ కప్పునైతే ఆంధ్ర పోలీసు, ఈస్ట్ బెంగాల్ ఉమ్మడి విజేతలుగా పంచుకున్నాయి. ఇంతటి సమతూకం ఉన్నచోట వైరం లేదనడం ఎలా?

అయితే ఈ వైరం స్వభావం వేరు. కలకత్తావారి పోరు ఒకే ఊళ్ళో, ఒకే వీధిలో, ఒక్కొక్కసారి ఒకే ఇంట్లో జరిగేది. మన పోరు రెండు జట్లకూ పరాయి ఊళ్ళయిన ఢిల్లీ, బొంబాయిలలో జరిగేది. ఆ రోజులలో జాతీయ లీగు అన్నదే లేదు. అది 1996లో గాని మొదలు కాలేదు. కనుక ఏడాది పొడుగునా ఒకరి ఊరికి ఒకరు వెళ్ళి ఆడే ఏర్పాటు లేదు. రెండవ తేడా ఇంకా ముఖ్యమైనది. కలకత్తా క్లబ్బులకు వేలాది సభ్యులు, అభిమానులు, చందాలు ఉండేవి. పోలీసు జట్టుకు ఉన్నది ఒక ప్రభుత్వశాఖ. ఆటగాడికి దక్కేది పోలీసు కొలువు, నెల జీతం. అది గౌరవమైన బ్రతుకే. కాని కలకత్తా పిలిచినప్పుడు ఆపగలిగిన బ్రతుకు కాదు.

కలకత్తా పిలిచింది. సికిందరాబాదు అమ్ముగూడలో పేదయింట పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1961లో ఆ జట్టుకు నాయకులయ్యారు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలోనే కన్నుమూశారు. ఆ తరువాతి తరంలో నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ 1966లో అదే దారి పట్టారు. హబీబ్ కలకత్తా పెద్ద క్లబ్బులు మూడింటికీ ఆడారు. 1977లో పెలే కాస్మాస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టినవారిలో ఆయన ఒకరు. ఆయన తమ్ముడు అక్బర్ 1976లో ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే మోహన్ బగాన్‌కు గోలు సాధించి పెట్టారు. బెంగాలీలు నేటికీ కథలుగా చెప్పుకునే ఆ గోలు ఒక హైదరాబాదీ కాలి నుంచి వచ్చింది. అంటే మన ఆటగాళ్ళు ఆ వైరంలోనే ఉన్నారు. మన జట్టు మాత్రం లేదు.

1963 జూన్ 11న రహీం మరణించారు. అంతకు తొమ్మిది నెలల ముందు జకార్తా ఆసియా క్రీడల ఆఖరి ఆటలో ఆయన శిష్యులు దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. ఆ 1963లోనే ఆంధ్ర పోలీసు మళ్ళీ రోవర్స్ కప్పు గెలిచినా, డ్యూరాండ్ ఆఖరి ఆటలో మోహన్ బగాన్ చేతిలో ఓడింది. 1965–66 సంతోష్ ట్రోఫీలో ఆంధ్రప్రదేశ్ బెంగాల్‌ను ఓడించడం ఆ దీపం చివరి వెలుగు. తరువాత ఆ స్థాయి జట్టు మనకు నిలువలేదు.

ఇందులో కలకత్తాను తప్పు పట్టడానికి ఏమీ లేదు. మంచి ఆటగాడికి మంచి జీతమూ, లక్షమంది చప్పట్లూ ఇవ్వజూపడం నేరం కాదు. లోపం మన వైపున ఉంది. జట్టును పోషించే భారమంతా ఒక ప్రభుత్వశాఖ మీద, దాన్ని తీర్చిదిద్దే భారమంతా ఒక పంతులుగారి మీద వదిలేశాము. ఆయన పోయాక పట్టుకునే చేయి లేకపోయింది. కోస్తావారి సంగతి మరీ విచిత్రం. 1950లో విశాఖపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉన్నది, హైదరాబాదు వేరే రాష్ట్రం. ఆ గెలుపు మనదనుకునే అవకాశమే అప్పుడు లేదు. 1956 తరువాత జట్టు పేరు మారినా, ఆ పాత చరిత్రను మనదిగా చేసుకునే ప్రయత్నం జరగలేదు.

కొసమెరుపుగా ఒక్క మాట. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో సెమీఫైనల్లో మోహన్ బగాన్‌ను (అప్పటికి ఏటీకే మోహన్ బగాన్) దాటి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మరుసటి ఏడు సెమీఫైనల్లో అదే జట్టు చేతిలో పెనాల్టీలలో ఓడింది. పాత వైరం మళ్ళీ చిగురించిందని సంతోషించినవారున్నారు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. జట్టును మోసేది ఊరి జనం కాక మరెవరో అయినప్పుడు ఏమవుతుందో మనం రెండవసారి చూశాము.

2024లో వచ్చిన "మైదాన్" హిందీ చిత్రం పుణ్యమా అని రహీం పేరు కొందరికి తెలిసింది. కాని సినిమా చెప్పేది భారత జట్టు కథ. ఆ పోలీసు కొలువుల జట్టు కథ తెలుగులో ఎవరైనా సమగ్రంగా వ్రాయవలసే ఉంది. ఆ ఆటలు కళ్ళారా చూసినవారికి ఇప్పుడు ఎనభై దాటి ఉంటుంది. మీ ఇళ్ళలో, బంధువులలో అటువంటి పెద్దలుంటే, దయచేసి వారిని కూర్చోబెట్టి అడగండి. వారు చెప్పినది చెప్పినట్టు వ్రాసి ఉంచండి.