నిషేధించిన పురుగుమందు ఎక్కడికి పోయినది?

హనుమకొండ చుట్టుప్రక్కల గ్రామాలలో అరవై ఏళ్లు దాటిన వారిని ఒక పురుగుమందు పేరు చెప్పమని అడిగి చూడండి. చాలామంది ‘ఎండ్రిన్’ అనే అంటారు. ఎండ్రిన్ త్రాగినాడంటే ఆత్మహత్య చేసుకున్నాడని వేరే చెప్పనక్కరలేని కాలమొకటి ఉండేది. ఆ మందు నిషేధింపబడి దశాబ్దాలు గడిచినవి. అయితే నిషేధించిన నాటికి దుకాణాలలో, గోదాములలో, ఇళ్ల అటకల మీద మిగిలిన డబ్బాలు ఏమైనవి? ఈ ప్రశ్న మన ఆరోగ్య చరిత్రలో దాదాపు ఎవరూ అడగనిది.

కథ డీడీటీతో మొదలవుతుంది. దాని కీటకనాశక గుణాన్ని 1939లో కనుగొన్న పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి లభించినది. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమై, ఇంటింటి గోడలకు డీడీటీ పిచికారీ చేశారు. దాని వెంటనే బీహెచ్‌సీ వచ్చినది. మీ పెద్దలు దానిని ‘గమాక్సిన్ పొడి’ అనేవారు. ఈ మందులు లక్షలాది ప్రాణాలను కాపాడినవన్నది కాదనలేని సత్యం. ఎండకూ వానకూ త్వరగా చెడకపోవడమే వీటి గొప్పదనం. గోడ మీద నెలల తరబడి పనిచేసే ఆ గుణమే నేలలో పడినప్పుడు ఏళ్ల తరబడి నిలిచే దోషమైనది.

1958లో కేరళలో పారాథియాన్ అనే మందు రవాణాలో ఆహార పదార్థాలలో కలిసి నూరుమందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటన ఫలితంగానే 1968లో క్రిమిసంహారక మందుల చట్టం వచ్చినది. 1971 నాటి నియమావళిలో ఖాళీ డబ్బాల గురించి ఒక నిబంధన ఉన్నది: వాటిని పగులగొట్టి, జనావాసాలకు దూరంగా పాతిపెట్టవలెను. దానిని మరొకసారి చదవండి. విషానికి చివరి చోటుగా చట్టమే మట్టిని చూపించినది! ఆనాటి విజ్ఞానం అంతటిదేనని సరిపెట్టుకొందాం.

తరువాత నిషేధాలు ఒకటొకటిగా వచ్చినవి. వ్యవసాయంలో డీడీటీ 1989లో, బీహెచ్‌సీ 1997లో, సుప్రీంకోర్టు ఆదేశంతో ఎండోసల్ఫాన్ 2011లో ఆగిపోయినవి. ప్రతి నిషేధానికీ ఒక తేదీ ఉన్నది. మిగిలిన నిల్వ ఎక్కడికి చేరవలెనో రైతుకు చెప్పినవారు అరుదు.

మన జిల్లాకు ఇది దూరపు సంగతి కాదు. 1997–98లో లద్దె పురుగు పత్తిని తినివేసినప్పుడు వరంగల్ రైతులు అప్పు చేసి మందు మీద మందు కొట్టారు, చివరకు అదే మందు త్రాగి ప్రాణాలు తీసుకున్నారు. 1997 నుండి 2002 వరకు పురుగుమందు విషప్రభావంతో ఎంజీఎం ఆసుపత్రిలో చేరినవారు 8,040 మంది; వారిలో నూటికి దాదాపు 23 మంది బ్రతకలేదు. 2002 నాటి వివరాలలో, ఏ మందో తెలిసిన మరణాలలో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్‌లవే. ఇంట్లో డబ్బా చేతికందేటట్లు ఉండడం ఎంతటి ప్రమాదమో ఇంతకంటె సాక్ష్యం వద్దు.

అదే ఎండోసల్ఫాన్ నిల్వ ఉంటే ఏమవుతుందో కేరళలోని కాసరగోడ్ చూపించినది. జీడిమామిడి తోటల సంస్థ గోదాములలో మిగిలిన మందు పీపాలు తుప్పుపట్టి కారసాగినవి. 2012లో నిపుణులు రక్షణ దుస్తులు ధరించి ఆ మందును కొత్త పీపాలలోకి మార్చవలసి వచ్చినది. భోపాల్‌లో, యూనియన్ కార్బైడ్ ఆవరణలోని 337 టన్నుల వ్యర్థాలను 2025 జనవరిలో, అంటే ప్రమాదం జరిగిన నలభై ఏళ్లకు, పీథంపూర్‌కు తరలించి ఆ తరువాత కాల్చివేశారు. ఆవరణలోని కలుషితమైన మట్టి మాత్రం అక్కడే ఉన్నది.

పాతబడిన మందు బలం తగ్గిపోతుందని, అందువలన ప్రమాదం లేదని కొందరనుకొంటారు. 1976లో పాకిస్తాన్‌లో మలేరియా పిచికారీ చేసిన కార్మికులలో దాదాపు 2,800 మంది విషప్రభావానికి గురికాగా ఐదుగురు మరణించారు. వారు వాడినది సాపేక్షంగా సురక్షితమని పేరున్న మలాథియాన్. నిల్వలో అందులో ఐసోమలాథియాన్ అనే మరింత విషపూరితమైన పదార్థం ఏర్పడినది. వేడి అటువంటి మార్పును వేగవంతం చేస్తుంది. మన రేకుల కొట్టాలలో మే నెల ఎండను తలచుకోండి.

కారిన మందు నేలలో ఎంతకాలముంటుందన్నది మందును బట్టి ఉంటుంది. మోనోక్రోటోఫాస్ వంటివి పలుచగా పడితే కొన్ని వారాలలో విచ్ఛిన్నమవుతాయి. పీపా క్రింద చిక్కగా ఇంకినచోట అంత త్వరగా పోవు. డీడీటీ జాతివి మట్టిరేణువులను అంటుకొని ఏళ్లకేళ్లు ఉంటాయి. వానకు కొట్టుకొనివచ్చే మట్టితోపాటు చెరువులో చేరతాయి. అక్కడ మేసే కోడి గ్రుడ్డులోకి, పశువు పాలలోకి, చివరకు తల్లిపాలలోకి కూడా వస్తాయి. ఇవి కొవ్వులో పేరుకొనే విషాలు. మట్టిచేతులు నోట్లో పెట్టుకొనే పసిపిల్లలకు మధ్యవర్తి అక్కరలేదు.

మీ ఇంట పాత డబ్బా ఉంటే పెరట్లో పాతిపెట్టకండి, కాల్చకండి, కాలువలో కడగకండి. చీటీ చింపకుండా, మూత బిగుతుగా ఉండే పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టి తాళం వేసి, మండల వ్యవసాయాధికారికి వ్రాతపూర్వకంగా తెలియజేయండి. మందు ఒలికితే నీళ్లు పోయరాదు. పొడిమట్టి చల్లి, చేతికి తొడుగుతో ఎత్తి అదే డ్రమ్ములో వేయవలెను. మందుల గోదాము ఉండిన స్థలంలో ఇల్లు కట్టుకొన్నవారు అక్కడ ఆకుకూరలు, దుంపలు వేయవద్దు, కోళ్లను వదలవద్దు. ఎవరైనా విషప్రభావానికి గురైతే ఆ డబ్బా చీటీని కూడా ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. మోనోక్రోటోఫాస్‌కు అట్రోపిన్ ఉన్నది. ఎండోసల్ఫాన్‌కు విరుగుడు లేదు, మూర్ఛలను అదుపు చేయడమే చికిత్స. ఏది లోపలికి పోయినదో వైద్యునికి వెంటనే తెలియవలెను.