మునిగేవాడు, తాడు పట్టేవాడు

సెలవులకు అండమాన్ వెళ్లిన యాత్రికుడు, ఈత రాకపోయినా, వీపున గాలి సిలిండరు కట్టుకొని పగడపు దిబ్బల మధ్య కాసేపు తిరిగి రావడం ఇప్పుడు ఎవరికీ వింతగా తోచదు గాని, మనిషి సముద్రపు అడుగుకు దిగిన సుదీర్ఘ చరిత్రలో ఇది నిన్నమొన్నటి ముచ్చట. అంతకు ముందు రెండు వేల ఏళ్లకు పైగా నీటి అడుగుకు వెళ్లినవారిలో ఎక్కువమంది కూలి కోసమో, అప్పు తీర్చడానికో, కొన్ని కాలాల్లో శిక్షగానో వెళ్లినవారే తప్ప వేడుక చూడడానికి వెళ్లినవారు కారు. అయినా ఆ పాత మునకకూ ఈ కొత్త మునకకూ ఒక పోలిక ఉంది. దిగినవాడి ప్రాణం ఎప్పుడూ మరొకరి చేతిలోనే ఉంటూ వచ్చింది. ఆ రెండో మనిషి ఎక్కడ నిలబడ్డాడు, ఏ పని చేశాడు అన్నది గమనిస్తే ఈ విద్య నడిచిన దారి చాలావరకు తెలిసిపోతుంది.

తమిళ తీరానికీ సింహళానికీ మధ్యనున్న మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పల వేట ఎంత పాతదంటే, క్రీ.శ. మొదటి శతాబ్దానికి చెందిన పెరిప్లస్ అనే గ్రీకు నావికా గ్రంథం పాండ్యుల రేవైన కొర్కై ప్రస్తావన తెచ్చి, అక్కడ ఈ పనికి శిక్ష పడిన నేరస్థులను దించేవారని రాసింది. 13వ శతాబ్దం చివర ఈ తీరానికి వచ్చిన మార్కో పోలో లెక్క ప్రకారం దొరికిన ముత్యాలలో పదో వంతు రాజుకు చెల్లేది. సొర చేపలు మీద పడకుండా మంత్రం వేసే బ్రాహ్మణులకు ఇరవయ్యో వంతు ముట్టేది. ఆ మంత్రగాడి పదవిని తరువాతి పాలకులు సైతం తీసివేయలేకపోయారు. 19వ శతాబ్దంలో సింహళంలోని బ్రిటిష్ ప్రభుత్వమే అతనికి భత్యం ఇచ్చి వేటకు రప్పించేది. నమ్మకం ఎవరిదైనా, మంత్రగాడు ఒడ్డున లేకపోతే మునిగేవాళ్లు పడవ దిగరన్న సంగతి దొరలకు బాగా తెలుసు.

పోర్చుగీసుల కాలంలో పరవర్ అనే బెస్త కులంవారు 1530లలో పెద్ద సంఖ్యలో క్రైస్తవం పుచ్చుకొని ఈ వేటలో పోర్చుగీసుల రక్షణ పొందగా, 1658లో తూత్తుకుడి డచ్చివారి వశమైంది. తీరం మీద జెండాలు మారుతున్నా, లోపలి భూభాగాన్ని ఏలిన మధుర నాయకులు, అంటే విజయనగర ప్రభువుల తరఫున వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు పాలక వంశంవారు, వేటలో తమ భాగాన్ని వదులుకోలేదు. హైదరాబాదు ముత్యాల నగరమని పేరు పొందినా దాని ముత్యాలు దక్కనులో పుట్టినవి కావు. ముఖ్యంగా బస్రా రేవు మీదుగా పారసీక సింధుశాఖ నుంచి వచ్చినవి. వాటిని పైకి తెచ్చిన చేతులు నగల దుకాణంలో ఎవరికీ గుర్తుకు రావు.

వేట జరిగే తీరు చెప్పుకోదగ్గది. చిప్పల తిన్నెలు సాధారణంగా ఐదు నుంచి పది బారల లోతున ఉండేవి. బార అంటే చాచిన రెండు చేతుల నిడివి, సుమారు ఆరడుగులు. పడవ అంచున ఇద్దరేసి మనుషులు జంటగా పనిచేసేవారు. ఒకడు పదిహేను ఇరవై కిలోల రాతికి కట్టిన తాడులో పాదం దూర్చి, వల బుట్టను పట్టుకొని, ఊపిరి పూర్తిగా పీల్చి ముక్కు మూసుకోగానే రెండోవాడు తాడు వదిలేవాడు. రాయి బరువుకు మనిషి క్షణాల్లో అడుగుకు చేరేవాడు. పాదం విడిపించుకోగానే రాయిని పైకి లాగివేయడం, తాడు కదిలితే బుట్టను చేదడం, మనిషి పైకి తేలగానే అందుకోవడం రెండోవాడి పని. అడుగున గడిచేది మహా అయితే ఒక నిమిషం, ఆపైన మరికొన్ని సెకన్లు. తాడు పట్టినవాడు పరధ్యానంగా ఉంటే ఆ కొన్ని సెకన్లే ప్రాణాంతకమయ్యేవి. అందుకే తన తాడు ఎవరి చేతికివ్వాలో మునిగేవాడు బాగా ఆలోచించి ఎంచుకునేవాడు. తెచ్చిన చిప్పలను ఒడ్డున ఆవరణల్లో కుళ్లబెట్టి, పురుగులు తినగా మిగిలినదాన్ని కడిగి ముత్యాలు ఏరేవారు. ఆ కంపు మైళ్ల దూరం వచ్చేదని చూసినవారు రాశారు. భారత తీరంలో ఈ వేట 1961తో ముగిసింది.

ఊపిరి బిగబట్టడం మీద ఆధారపడకుండా అడుగున నిలవాలన్న ప్రయత్నం ఐరోపాలో మునక గంటతో మొదలైంది. బోర్లించి నీటిలో ముంచిన చెంబులో గాలి ఎలా నిలిచిపోతుందో, అలాగే అడుగు లేని పెద్ద గంటలో నిలిచిన గాలిని మనుషులు పీల్చుకొనే ఏర్పాటు ఇది. ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హాలీ 1691లో దీనికి పీపాలతో కొత్త గాలి పంపే పద్ధతి చేర్చాడు. గంటను కుదించి తల వరకే చేస్తే శిరస్త్రాణం అవుతుంది. ఇంగ్లండులో డీన్ సోదరులు, మంటల్లో పొగ తగలకుండా 1823లో రూపొందించిన టోపీనే కొంత మార్చి, 1830 ప్రాంతంలో నీటికి వాడారు. అడుగు భాగం తెరచి ఉండే ఆ టోపీలోకి పైనుంచి పంపుతో గాలి కొట్టేవారు. మనిషి నిలబడి ఉన్నంతసేపు క్షేమమే గాని, వంగినా పడినా నీళ్లు ముఖం మీదికి వచ్చేవి. ఆగస్టస్ సీబే అనే జర్మన్ పనివాడు 1830ల చివర టోపీని నీరు చొరని దుస్తులకు బిగించి ఆ లోపం సరిదిద్దాడు. రాగి టోపీ, సీసపు జోళ్లు, రొమ్ముపై బరువులు కలిపి 80 కిలోల వరకు తూగే ఆ వేషంతోనే 1839 నుంచి 1843 వరకు మునిగిన రాయల్ జార్జ్ యుద్ధనౌక శకలాలను తొలగించారు. ఇప్పుడు తాడు పట్టేవాడికి తోడు పంపు తిప్పేవాళ్లు కూడా చేరారు. వాళ్ల చేతులు ఆగితే కింద ఊపిరి ఆగినట్లే.

లోతుకు గాలి పంపడంతో ముత్యాల వేటగాడికి ఎన్నడూ అంతగా ఎదురుకాని జబ్బు ఒకటి బయటపడింది. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరిగే నీటిలో, ఆ పీడనంతో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో కరుగుతుంది. తొందరగా పైకి వస్తే అది బుడగలై కీళ్లను, నరాలను పట్టుకుంటుంది. ఈ కారణాన్ని ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లో నిరూపించగా, బ్రిటన్‌లో జె. ఎస్. హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి, ఎంత లోతు నుంచి ఎంత నెమ్మదిగా పైకి రావాలో చెప్పే పట్టికలను 1908లో ప్రకటించాడు.

వీటన్నిటి తరువాతనే, 1943లో, ఫ్రెంచి నౌకాధికారి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గన్యాన్ కలిసి, పీల్చినప్పుడు మాత్రమే చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిపడా గాలి ఇచ్చే కవాటాన్ని సిలిండరుకు అమర్చారు. గొట్టం, తాడు, పంపు మూడూ ఒక్కసారిగా అనవసరమయ్యాయి. కూస్తో చిత్రం ‘ది సైలెంట్ వరల్డ్’ 1956లో కాన్స్ ఉత్సవపు అత్యున్నత బహుమతి అందుకొని, సముద్రపు అడుగు చూడదగ్గ చోటని మామూలు జనానికి నమ్మకం కలిగించింది. 1966లో అమెరికాలో పుట్టిన ప్యాడి వంటి శిక్షణ సంస్థలు ఆ కోరికను మెట్లుగా విభజించి, సర్టిఫికెట్లుగా అమ్మాయి. అన్నిటికన్నా కింది మెట్టు, యాత్రికుడి ఒక పూట మునక.

ఈ కింది మెట్టులోనే ఆ రెండో మనిషి మళ్లీ కనిపిస్తాడు. అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్‌లో గాని, కర్ణాటకలోని నేత్రాణి దగ్గర గాని, విశాఖ రుషికొండ తీరంలో గాని మొదటిసారి దిగేవాడు నిజానికి చేసే పని ఊపిరి తీయడం ఒక్కటే. గరిష్ఠంగా 12 మీటర్లని నిర్ణయించిన ఆ మునకలో శిక్షకుడు వెనుక నుంచి సిలిండరును పట్టుకొని, యాత్రికుడు తేలడానికి తొడిగిన చొక్కాలోకి గాలి నింపుతూ తగ్గిస్తూ, సిలిండరు పీడనపు ముల్లు చూస్తూ, యాత్రికుణ్ణి చేప కనిపించిన వైపు తిప్పుతాడు. తాడు పట్టేవాడు పడవ మీది నుంచి నీటిలోకి దిగాడంతే. తాను సముద్రంలో మునిగానని తిరిగి వచ్చిన యాత్రికుడు చెప్పుకోవడంలో తప్పు లేదు గాని, మునిగినవాడి కన్నా ముంచి తేల్చినవాడి పనితనం ఎక్కువ.

దిగేముందు నేర్పే రెండు మూడు సూత్రాల వెనుక ఈ చరిత్ర అంతా ఉంది. మొదటి రెండు మూడు మీటర్లలోనే చెవి పొడిచినట్లు నొప్పెడితే ముక్కు మూసి మెల్లగా గాలి ఊదాలన్నది 18వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు వల్సాల్వా పేరుతో నిలిచిన ఉపాయం. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదన్నది ముత్యాల వేటగాడి విద్యకు నేరుగా తలకిందు: అతను పైన పీల్చిన గాలి పైకి వచ్చేసరికి మళ్లీ తన పరిమాణానికి వచ్చి ఆగుతుంది, సిలిండరు గాలిని పది మీటర్ల దగ్గర గుండెనిండా పీల్చి బిగబట్టి పైకి వస్తే అది రెండింతలు కాజూసి ఊపిరితిత్తిని చీలుస్తుంది. బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి పోదామని. సంతోషంతో వేలెత్తిన కొత్తవాళ్లు ఏమీ చూడకుండానే పైకి వచ్చేస్తుంటారు.

సిలిండరు కట్టుకోవడానికి జంకేవాళ్లకు అండమాన్‌లోని నార్త్ బే వంటి చోట్ల సీ వాక్ ఉంది. భుజాల మీద బరువైన టోపీ పెట్టి, పడవ మీది నుంచి గొట్టంతో గాలి పంపి, కొద్ది మీటర్ల లోతున నడిపిస్తారు. జుట్టు కూడా తడవదు. అడుగు తెరచిన ఆ టోపీ, ప్రమాదకరమని పనివాళ్లు రెండు శతాబ్దాల కిందట పక్కన పెట్టిన డీన్ సోదరుల టోపీయే. అయితే పక్కనే ఇద్దరు శిక్షకులు పట్టుకొని నడిపిస్తుంటే వంగే పని ఉండదు, పడే వీలు ఉండదు. కూలికి పనికిరాని సాధనం వేడుకకు చక్కగా అమరింది. ఇక సిలిండరుతో మునిగినవారు, అది ఒక్క మునకే అయినా, కనీసం 12 గంటలు విమానం ఎక్కరాదన్న నియమం ఉండటం వల్ల, హైదరాబాదుకో విశాఖకో తిరుగు టికెట్టు ఉన్న రోజుకు ముందు రోజే మునకను పెట్టుకోవాలని పర్యటన ఏర్పాటు చేసేవారు సలహా ఇస్తారు.