నది ఒడ్డు ఊరు, పరాయి పౌరుడు

పారిస్‌కు ఆగ్నేయంగా, ఫాంటేన్‌బ్లో అడవి అంచున, ల్వాన్ నది ఒడ్డున మొరే అనే పాత ఊరు ఉంది. ఆల్‌ఫ్రెడ్ సిస్లీ 1893లో వేసిన ‘మొరే వంతెన’ చిత్రం ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. రాతి వంతెన, దాని చెంత ఇళ్ళు, వెనుక చర్చి గోపురం, కింద నీళ్ళలో వాటి నీడలు. అంతే. రాజులు లేరు, యుద్ధాలు లేవు. దగ్గరికి వెళితే అన్నీ రంగు మరకలే. నాలుగడుగులు వెనక్కి వేస్తే నీరు కదులుతుంది.

బొమ్మ కంటే అది వేసినాయన కథ మనవంటివారికి దగ్గరగా తోస్తుంది. సిస్లీ 1839లో పారిస్‌లోనే పుట్టాడు. తల్లిదండ్రులు ఇంగ్లీషువారు. వ్యాపారం నేర్చుకోమని తండ్రి 1857లో లండన్ పంపితే, కొడుకు మనసు చిత్రాల మీదికి పోయింది. 1862లో పారిస్‌లో గ్లేర్ అనే గురువు వద్ద చేరి మోనే, రెన్వార్‌లకు మిత్రుడయ్యాడు. 1870-71 యుద్ధం తండ్రి వ్యాపారాన్ని ముంచింది. ఇక కుంచె ఒక్కటే బతుకుతెరువు. 1874లో ఇంప్రెషనిస్టుల తొలి ప్రదర్శనలో పాల్గొన్నా, బొమ్మలు చవకగానే పోయేవి.

ఊళ్ళు మారి మారి 1889లో మొరేలో స్థిరపడ్డాడు. 1893-94లలో అక్కడి చర్చి ఒక్కదాన్నే ఎండలోనూ వానలోనూ పదిసార్లకు పైగా వేశాడు. 1898లో ఫ్రెంచి పౌరసత్వం కోసం ప్రయత్నించాడు. అప్పటికే గొంతులో కాన్సర్. ఆ పని నెరవేరకుండానే 1899 జనవరి 29న, పుట్టిన దేశంలోనే బ్రిటిష్ పౌరుడిగా, కన్నుమూశాడు. చివరి రోజుల్లో కబురంపితే మోనే వచ్చి చూశాడు; ఆ తర్వాత పిల్లల సహాయార్థం చిత్రాల వేలం ఏర్పాటు చేశాడు. మరుసటి ఏడాదే, 1900లో, సిస్లీ 1876లో వేసిన ‘పోర్ మార్లీలో వరద’ 43,000 ఫ్రాంకులకు అమ్ముడుపోయింది. ఆ డబ్బులో ఒక్క కాసు కూడా ఆయన చూడలేదు.

1911లో మొరేలో ఆయన విగ్రహం నెలకొల్పారు. సర్కారు కాగితం దక్కకపోయినా, ఊరు ఆయనను తనవాడనుకుంది.

మన పిల్లలు కూడా తల్లిదండ్రులది కాని దేశంలో పుట్టి పెరుగుతున్నవారే. పాస్‌పోర్టు రంగు గురించి మన ఇళ్ళలో జరిగే చర్చలు కొత్తవేమీ కావు. పారిస్ వెళ్ళినప్పుడు పిల్లలను ఈ బొమ్మ ముందు అయిదు నిమిషాలు నిలబెడదాం. ఇది వేసినాయనది ఏ ఊరో వాళ్ళనే అడుగుదాం. జవాబు చెప్పే తొందర మనం పడకుండా ఉంటే చాలు.